నువ్వు ఊఁ అనని చోట్ల

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. అక్కడ మీరు ముగ్గురూ బాగున్నామని రాశావు. నీ ఉత్తరాన్ని భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివాను, మీ బావ చేత ఇంకో రెండుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారి విన్నాక ఆ బాగున్నామనే మాట మీద నాకు నమ్మకం పోయింది.

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని నవ్వుకోకు. గట్టి అట్టలో వరసకొక కిటికీ చొప్పున కోసిన చట్రం ఒకటి ఇచ్చారు నాకు. దాన్ని కాగితం మీద పెట్టి నల్ల స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. పెన్ను అట్ట అంచుకు తగిలితే వరస అయిపోయినట్టు. ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఈ వారంలో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నువ్వేదో జోకు వేశావు, నేను నవ్వేసి పెట్టేశాను. ఉత్తరంలో నువ్వు నా మాటకు అడ్డురాలేవు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఫోన్లో వెనక టక్ టక్ అని చప్పుడేమిటన్నావు. అది నా తెల్లకర్ర. వరండాలో నడక సాధన చేస్తున్నాను. ఉద్యోగం ఎందుకు మానేశావు, బావ పోరు పెట్టాడా అన్నావు. పాపం ఆయన్ని ఇందులోకి లాగకు, ఆయనకు నన్ను పోరు పెట్టేంత ధైర్యం ఏనాడూ లేదు. నాకు చూపు పోతోందిరా. ఎదురుగా ఉన్నది ఇంకా కనిపిస్తుంది. పక్కలు లేవు. చుట్టిన చాపలోంచి లోకాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. వెలుతురు తగ్గితే ఆ కాస్తా ఉండదు. ఇది తగ్గే జబ్బు కాదు, మెల్లగా పెరిగే జబ్బు. నీకు ఈ మాట చెప్పకుండా ఇన్నాళ్ళు దాచినందుకు తిట్టుకో. కానీ తిట్లన్నీ ఇక్కడే ఖర్చుపెట్టేయకు, ముందుముందు ఇంకా అవసరం పడతాయి.

మా కంటి ఆసుపత్రి పెద్ద డాక్టరు నా కళ్ళు చూసి, ఇంక చేసేదేమీ లేదమ్మా అన్నాడు. ఆ మాట ఆయన నోట విన్నప్పుడు నాకు సిగ్గేసింది. పందొమ్మిదేళ్ళు ఆ ఆసుపత్రిలో, పక్కల చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టు గదిలో కూర్చుని, పరీక్ష కాగితం చేతికిస్తూ నేను ఎంతమందికి చెప్పానో అదే మాట. చెప్పి తలుపు వైపు చూపించేదాన్ని. వాళ్ళు ఆ తలుపు దాటి ఎక్కడికి వెళతారో ఒక్కనాడూ ఆలోచించలేదు. చివరికి గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన, పాత రిపోర్టు నకలు కోసం వచ్చి, నేను కుర్చీ తగిలి పడబోవడం గమనించాడు. ఆయనకు చూపు పోయి ఎనిమిదేళ్ళయింది, అంటే గమనించింది చెవులతో. “ఎన్నాళ్ళ నుంచమ్మా?” అన్నాడు, అంతే. నేను అక్కడే ఏడ్చేశాను. ఆసుపత్రి వెనక మూడో వీధిలోనే చూపు తగ్గినవాళ్ళకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉందని ఆయనే చెప్పాడు. పందొమ్మిదేళ్ళూ దాని పక్కనుంచే బస్సెక్కాను.

అక్కడ చేరి రెండు నెలలయింది. పొయ్యి గుండీ మీద ఎంత మంట దగ్గర ఉబ్బెత్తు చుక్క అతికించాలో, మరిగే నీళ్ళు గ్లాసులో పోస్తున్నప్పుడు అంచు దాకా వచ్చాయని చెవితో ఎలా పట్టుకోవాలో, రెండు సీసాల్లో ఏది తలనూనో తెలియడానికి ఒకదానికి రబ్బరు బ్యాండు వేయాలని, ఇలాంటివి నేర్పుతున్నారు. మీ బావ రబ్బరు బ్యాండు తీసి జేబులో వేసుకోవడం వల్ల ఒకరోజు తలకు ఫినాయిలు పట్టించుకోబోయాను. ఫోన్‌లో మెసేజీలు పైకి చదివే ఏర్పాటు ఉంది. ఆ గొంతు మన మేనత్త గొంతులాగే కోపంగా ఉంటుంది. పేపరు చదివి వినిపించే నంబరు ఒకటి, గుండె బరువెక్కితే మాట్లాడటానికి ఇంకో నంబరు ఉన్నాయి. వారానికోసారి అందరం గుండ్రంగా కూర్చుని ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటాం. ఇవన్నీ ముచ్చటకు రాయడం లేదు. నువ్వు గుర్తుపెట్టుకోవాలని రాస్తున్నాను.

చేరిన రోజు అక్కడి టీచరమ్మ నన్ను అడుగుతూ ఒక ఫారం నింపింది. ఇది వంశంలో నడిచే జబ్బట, అందుకని కాగితం మీద మన కుటుంబాన్ని గీసింది, మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా. చూపు తగ్గినవాళ్ళ గడిని నల్లగా నింపుతారు. నా సున్నా నింపింది. నాన్న గురించి అడిగింది. నాన్నకు కళ్ళు బాగానే ఉండేవని చెప్పాను. మనకు ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నదదే కదా. నాన్న గోడౌన్ మెట్ల మీద పడి చనిపోతే, తాగి పడ్డాడని ఊరంతా అన్నారు. అమ్మ కూడా లోపల్లోపల అదే నమ్మింది. టీచరమ్మ మెల్లగా, ఏ వేళప్పుడు పడ్డారని అడిగింది. దీపాలు పెట్టే వేళ అన్నాను. అంతకు ముందు కూడా ఆ వేళకు తూలేవారా అంది. అప్పుడు తట్టింది నాకు. నాన్న చీకటి పడితే గోడ పట్టుకుని నడిచేవాడు, గుర్తుందా? మనం ఆయన వెనక ఆయనలాగే తూలుతూ నడిచి నవ్వుకునేవాళ్ళం. ఆయన జన్మలో చుక్క ముట్టలేదురా. ఆ చతురస్రం ఆవిడ నల్లగా నింపింది. తరవాత నా సున్నా పక్కనే ఉన్న ఖాళీ చతురస్రం మీద పెన్ను పెట్టి, మరి తమ్ముడో అంది. వాడికేం, వాడు బస్సు డ్రైవరు అన్నాను. ఆవిడ ఆ గడిని ఖాళీగానే వదిలేసింది. ఆ ఖాళీ చతురస్రం రెండు నెలలుగా నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ఇప్పుడు నీ ఉత్తరం దగ్గరకు వస్తాను. కొత్త ఇల్లు కట్టినవాడు తలుపులన్నీ ఇరుకుగా పెట్టాడు, రోజూ భుజం కొట్టుకుంటోందని రాశావు. ఆ ఇంట్లో మీరు చేరినప్పుడు నేనూ వచ్చాను. తలుపులు ఇరుకు కాదు. పాప గ్లాసు మూడుసార్లు తన్నేశావని, మరదలు నీకు ఏనుగని పేరు పెట్టిందని నవ్వుతూ రాశావు. బస్సు ఎడమ అద్దం రెండుసార్లు పగిలిందని, డిపోలో వాళ్ళు సందుల తప్పే అన్నారని రాశావు. సాయంత్రం కళ్ళు అలసిపోతున్నాయి, విటమిను బిళ్ళలు పంపమన్నావు. ఇక ఆ సైకిలు మనిషి. ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలియదు, దేవుడి దయ వల్ల మోచేతులు గీరుకోవడంతో పోయింది అన్నావు. ఆ మాట దగ్గర నేను మీ బావను చదవడం ఆపమన్నాను. అతను ఊడిపడలేదురా. మొదటి నుంచీ అక్కడే ఉన్నాడు.

చివర్లో సంతోషంగా రాశావు, సోమవారం నుంచి సాయంత్రం షిఫ్టుకు మారుస్తున్నారని. పొద్దునపూట పాపను నీ బస్సులోనే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బడికి దింపుతున్నావు కదా, ఇక రాత్రి తిరుగు ట్రిప్పులో ట్యూషన్ నుంచి కూడా నువ్వే తెస్తానని రాశావు.

ఇన్ని పేజీలు రాసి ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. అట్ట దాటి గీత పోతే క్షమించు.

ఆరేళ్ళ కిందట డ్రైవరు ఉద్యోగానికి కళ్ళ సర్టిఫికెట్టు కోసం నువ్వు మా ఆసుపత్రికే వచ్చావు. ఆ తెల్లటి గిన్నెలాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టాను. లోపల ఎక్కడెక్కడో చుక్కంత దీపం వెలుగుతుంది, కనిపించినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. మొదటిసారి వచ్చిన కాగితం అంచులంతా నల్లగా ఉంది, అంటే అక్కడ చూపు లేదని. రాత్రి సరిగా నిద్రపోలేదేమో, వేళాకోళం చేస్తున్నావేమో అనుకున్నాను. నీకు ఏం చెప్పానో గుర్తుందా? బటన్ తీగ సరిగా పనిచేయడం లేదు, నాకివ్వు, కనిపిస్తే ఊఁ అను, నేను నొక్కుతాను అన్నాను. చేతులు వణికే ముసలివాళ్ళకు మేము అలా చేయడం మామూలే. ఎవరికీ అనుమానం రాదు. నువ్వు మధ్యలో దీపాలకు ఊఁ అన్నావు. పక్కల దీపాలు వెలుగుతుంటే మాట్లాడకుండా కూర్చున్నావు. నాకు ఎదురుగా తెరమీద అవి ఎక్కడ వెలుగుతున్నాయో కనిపిస్తూనే ఉంది. నువ్వు ఊఁ అనని చోట్ల కూడా నేను నొక్కాను. ఒకటి రెండు కాదు. రెండో కాగితం తెల్లగా వచ్చింది. దాన్నే లోపలికి పంపాను. డాక్టరు చూసి సంతకం పెట్టాడు.

నీకు తెలియదు. నీకు దీపాలన్నీ కనిపించాయనే అనుకుని, స్వీట్లు పంచావు.

ఎందుకు చేశానంటే చెప్పడానికి పెద్ద కారణం లేదు. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి నువ్వు రెండేళ్ళు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నావు. ఎవరితోనూ మాట్లాడేవాడివి కాదు. ఆ గదిలోకి వచ్చిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చాలా రోజుల తరవాత నన్ను అక్కా అని పిలిచావు. నీకు ఆ కాగితం ఇచ్చి ఈ ఉద్యోగం రాదురా అని చెప్పలేకపోయాను. పగటి బస్సే కదా, ఏడాదికోసారి పిలిపించి నేనే చూస్తుంటాను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆరేళ్ళలో ఒక్కసారీ పిలవలేదు. పిలిస్తే ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. నా కళ్ళ సంగతి బయటపడ్డాక కూడా నోరు విప్పలేదు. మొదటి కాగితం చింపేయడానికి మనసు రాక, పెట్టె అడుగున పాత చీర మడతలో పెట్టాను. దాని మీద నీ పేరు, తారీకు ఉన్నాయి.

ఈ పొద్దున టీచరమ్మను తోడు తీసుకుని మీ సంస్థ పెద్ద ఆఫీసుకు వెళ్ళాను. నీకు ఇవాళ వారపు సెలవని తెలిసే ఇవాళ వెళ్ళాను. ప్రయాణికుల ముందు నిన్ను బండి దింపడం నాకు ఇష్టం లేదు. మొదటి కాగితం, ఆసుపత్రిలో తీసుకున్న రెండోదాని నకలు అక్కడి డాక్టరు బల్ల మీద పెట్టి, ఏం చేశానో చెప్పి, రాసి సంతకం చేశాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తరవాత, “మీ తమ్ముడికి తెలుసా?” అని అడిగాడు. లేదన్నాను, వాడు ఏ తప్పూ చేయలేదని అదే కాగితం మీద ఇంకోసారి రాయించుకోమన్నాను. నా మీద కేసు పెడతారట. పెట్టనీ. రేపు పొద్దున నువ్వు డ్యూటీకి వెళ్ళగానే నిన్ను లోపలికి పిలిచి తాళాలు అడుగుతారు. ఈ ఉత్తరం నాలుగింటి బస్సులో పంపుతున్నాను. ఆ పిలుపు ముందు చేరుతుందో, ఇది ముందు చేరుతుందో తెలియదు. ఎవరు చెప్పారని తోటి డ్రైవర్లను అనుమానించకు. చెప్పింది నేను.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి కేంద్రం ఉంది, కనుక్కున్నాను. పాత బస్‌స్టాండు ఎదురుగా, కిందనే, మెట్లెక్కక్కర్లేదు. అడ్రసు, నంబరు విడిగా ఇంకో కాగితం మీద రాశాను. అక్కడ కౌన్సెలరుగా ఉన్నాయన ఒకప్పుడు లారీ నడిపేవాడట, నీ గురించి చెప్పాను, ఎప్పుడు వచ్చినా సరే అన్నాడు. డిపోలోనే టిక్కెట్ల లెక్కకో, ఫోన్ల దగ్గరకో మార్చమని అడిగే హక్కు నీకు ఉంది, ఆ అర్జీ రాయడంలో వాళ్ళు సాయం చేస్తారు. నన్ను చూడకపోయినా ఫరవాలేదు, వాళ్ళ దగ్గరకు మాత్రం వెళ్ళు అని రాయబోయాను. అది అబద్ధం. నువ్వు నన్ను చూడకపోతే నేను తట్టుకోలేను. అయినా కాగితం ఇచ్చే వచ్చాను.

ఇంకొక్క మాట. రాయకుండా ఉండాలని ఎంతో అనుకున్నాను. పాపకు పరీక్ష చేయించు. చీకట్లో చెప్పులు వెతుక్కోలేక ఏడుస్తుందని, గారాబం ఎక్కువైందని మరదలు అన్నదట. గారాబం అని వదిలేయకు. చిన్నపిల్లలకు బటన్ నొక్కడం రాదు, పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుని నొక్కండి అంటారు. మరదలినైనా సరే, నిన్నైనా సరే, ఎవరినీ కూర్చోనివ్వకు. నేనైతే ఆ గదిలోకే రాను.

ఇట్లు,
నీకు అన్యాయం చేసిన
మీ అక్క