రెండు కప్పుల బియ్యం

క్రౌలీ, ఆగస్టు 9

ప్రియమైన అత్తయ్య ఎర్లీన్ గారికి,

ఫోన్ చేయవచ్చు. కానీ ఈ మాట ఫోన్లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం నొయెలీకి మళ్ళీ షుగర్ పడిపోయింది. నా ఇంట్లో, నా చేత్తో ఇన్సులిన్ ఇచ్చాకే. అన్నం, కోడి గ్రేవీ తిని లేచిన పిల్ల గంటన్నర తిరిగేసరికి చెమటతో తడిసిపోయి, నేనెవరో తెలియనట్టు చూసింది. కమలారసం తాగించి కూర్చోబెట్టాను. తేరుకున్నాక, "నాయనమ్మ ఇంట్లోనూ ఇట్లాగే అయిందమ్మా" అంది.

మీ పుట్టినరోజుకు నేనే కొనిచ్చి, ఆ గొడవయ్యాక విసురుగా తెచ్చేసుకున్న రైస్ కుక్కర్ గుర్తుందిగా? నిన్న మొదటిసారి అందులో వండాను, దానితో వచ్చిన ప్లాస్టిక్ కప్పుతోనే బియ్యం కొలిచాను. పిల్ల ఆ మాట అన్నాక ఆ కప్పు నిండా బియ్యం పోసి తూచాను. నూట నలభై గ్రాములు. నా పాత గాజు కప్పుతో పోసి తూచాను. నూట ఎనభై అయిదు. నమ్మలేక అయిదుసార్లు తూచాను అత్తయ్యా. 

మీ ఫ్రిజ్ మీద అంటించిన చీటీ నేను రాసిందే. రెండు కప్పుల బియ్యం వండి, అన్నంలో నాలుగో వంతు పిల్లకు పెట్టండి, దానికి ఇన్ని యూనిట్లు ఇవ్వండి అని. అది గాజు కప్పు లెక్క. ఏ కప్పో రాయలేదు, ఎన్ని గ్రాములో రాయలేదు. మీరు కుక్కర్ కప్పుతో కొలిచారు; పిల్ల తిన్నది తక్కువ అన్నం, ఒంట్లోకి ఎక్కింది పూర్తి మందు. మీరు నేను రాసింది రాసినట్టే చేశారు.

మీ ఇంట్లో షుగర్ పడిపోయిన పిల్లను ఆసుపత్రిలో చేర్చిన రోజు, ఆ వరండాలో మిమ్మల్ని నేనేమన్నానో నిన్నటినుంచీ చెవుల్లో వినిపిస్తూనే ఉంది. "మీకు మతి పోయింది. ఇచ్చిన ఇంజెక్షన్ మరిచిపోయి రెండోది ఇచ్చారు. ఇక నా బిడ్డ జోలికి రాకండి." మీరు మారుమాట అనలేదు. తప్పు చేశారు కనకే అనుకున్నాను. ఎలా క్షమాపణ అడగాలో కూడా తెలియడం లేదు.

మీ కోడలు,
డెల్ఫీన్

రేన్, ఆగస్టు 13

అమ్మాయీ డెల్ఫీన్,

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. చదివి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ రోజు నేనెందుకు మాట్లాడలేదో తెలుసా? నువ్వన్నది నిజమని నమ్మాను. ఒక్కసారే ఇచ్చినట్టు గుర్తు. కానీ మతి తప్పుతున్నదానికి తన గుర్తు మీద ఏం నమ్మకం? మా అమ్మ చివరికి నా పేరే మరిచిపోయింది. నా వంతు వచ్చిందనుకున్నాను. కారు తాళాలు పక్కింటి ఓడెట్‌కి ఇచ్చేశాను. చర్చిలో శుక్రవారం వంట మానేశాను. మీ ఎవరికీ చెప్పకుండా వృద్ధాశ్రమంలో పేరు రాయించాను. ఏడు వారాలుగా రోజూ లేవగానే నా పేరు, ఊరు, వారం పైకి చెప్పుకుంటున్నాను.

నీ మీద కోపం లేదని అబద్ధమాడను. ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బియ్యం కొలుస్తున్నదాన్ని, ఆ కప్పు చిన్నదని పోల్చుకోలేకపోయానని నా మీదా ఉంది. కొన్నాళ్ళు ఉండనీ.

ఇవాళ ఓడెట్ దగ్గరికి వెళ్ళి తాళాలడిగాను. "ఎక్కడికే ప్రయాణం?" అంది.

"నా మనవరాలి దగ్గరికి. నా మతి బాగానే ఉందట" అన్నాను. అది నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

శనివారం వస్తాను. ఆ రోజు నాయనమ్మ సరిగ్గానే చేసిందని ఈలోపే నొయెలీకి చెప్పు. పిల్ల నన్ను చూసి బెదరకూడదు.

మీ అత్త,
ఎర్లీన్