తుంటిలో ఉండిపోయిన సూది

నాన్నా, నేను కులాసా. మనసు మాత్రం ఒకచోట నిలవడం లేదు.

మాంసం కోసం పశువులు పెంచేవాళ్ళకి పెట్టిన ఈ శిక్షణకు రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు. మనంతట మనం నేర్చుకుంటే రేపు ఎవరో కర్ర పట్టుకుని నేర్పక్కర్లేదని నీతో పోట్లాడి వచ్చాను. నిన్న పశువైద్యురాలు మార్లిస్ గారు తుంటి మాంసం కోసి చూపించారు. ఏడాది కిందటి ఇంజక్షన్ మచ్చ లోపల చెక్కలా గట్టిపడి ఉంది. అందుకే సూది మెడకే గుచ్చాలట.

పక్కనున్న డ్వొరాక్ ముసలాయన నవ్వాడు. "యాభై ఏళ్ళుగా తుంటికే గుచ్చుతున్నా. ఒక్క ఆవయినా వచ్చి ఫిర్యాదు చేసిందా?"

నాకు ఒళ్ళు మండింది. "ఆవు చెప్పదు తాతా, తినేవాడి పళ్ళు చెబుతాయి!" అని లేచాను.

"కరపత్రాలన్నీ కంఠతా పట్టినట్టున్నావే! సూది విరిగి ఒంట్లో ఉండిపోతే ఏం చేయాలో చెప్పు బాబూ," అన్నారు మార్లిస్ గారు.

"గుర్తు వేసి ఇంట్లోనే ఉంచాలి, కోతకు అమ్మకూడదు," అని చెప్పి కూలబడిపోయాను. కిందటి ఏప్రిల్లో మన చుక్కల పెయ్య తుంటిలో సూది విరగ్గొట్టింది నేనే. నీ తిట్లకు భయపడి దాచాను. ఫోనులో నీ గొంతు వింటే ఈ మాట మళ్ళీ మింగేస్తానని ఇలా కార్డు రాస్తున్నాను.

గాలిమర పంపు బాగుపడిందా? అమ్మ మోకాలు ఎలా ఉంది? నా పాత బూట్లు పారేయొద్దు.

పోస్టాఫీసు వెర్నా అత్త ఈ కార్డు నీకంటే ముందే చదివి ఊరంతా చెబుతుంది. చెప్పనీ. వచ్చే నెల సంతకు ఆ పెయ్యను మాత్రం లారీ ఎక్కించకు.

నానమ్మ దీవెన నాకూ కాస్త మిగల్చమను.

నీ కొడుకు,
ఆర్విడ్