నూనెలో చూడాల్సిన ముఖం

నానమ్మా,

ఈరోజు ఎల్బీనగర్ దవాఖానలో అన్నకు కూతురు పుట్టింది. నాలాగే మూల నక్షత్రం. నువ్వు పోయావు కానీ, నీ మాట అమ్మ నోట్లో బతికే ఉంది. "శాంతి అయ్యేదాక తండ్రి మొఖం చూడొద్దు. నూనెల నీడ చూసినంకనే" అంది.

మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. చైతన్యపురిలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. నన్ను తిట్టడానికి నువ్వు వాడుకున్న ఆ చుక్క సూర్యుడి కంటే నాలుగు రెట్లు వేడి, అందుకే నీలంగా మెరుస్తుంది. వయసులో హిమాలయాల కంటే చిన్నది. నేను పుట్టినప్పుడు ఇక్కడికి చేరిన దాని వెలుగు వందల ఏళ్ల కిందటే బయలుదేరింది. మన ఇల్లు దానికేం తెలుసు?

అన్న తలుపు దగ్గరే ఆగాడు. "ఏమన్నా అయితదేమోనే?"

"కాలితే ఆ చుక్క పక్కకు పోయినోడు కాలుతడు. నువ్వు ఎల్బీనగర్‌ల ఉన్నవ్. పట్టుకో" అని పాపను చేతుల్లో పెట్టాను.

చాలాసేపు చూశాడు. "నాన్న ముక్కేనే" అన్నాడు.

ఆ ముక్కు నేను ఫొటోలోనే చూశాను. నువ్వు నా శాంతికి ముహూర్తం వెతుకుతుండగానే నాన్న లారీ బోల్తా పడి చనిపోయాడు. 'తండ్రిని మింగింది' అన్నావు. నా ముఖం చూడనివ్వకుండా ఆయన్ని పంపింది నువ్వే.