మేబెల్ మెడలో గంట

జూలై 20, శుక్రవారం

రేపే అభ్యర్థుల సభ. వచ్చేవాళ్ళ భోజనాలకి ముప్ఫై పౌండ్ల బీన్స్ గింజలు నానబోశాను. వెండెల్ వంటింట్లోకి తొంగిచూసి, ఇదంతా సెనేటు సీటుకా, సైన్యానికా అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయన హాస్యం ఇంతకంటే ముందుకు పోలేదు.

పాల సంఘం తరఫున అభ్యర్థుల్ని తూచి చూసే కమిటీలో ఐదుగురం. నవంబరు ఎన్నిక మా జిల్లాలో ఉత్త లాంఛనం. ఆగస్టు పధ్నాలుగు ప్రైమరీలో పార్టీ టికెట్టు ఎవరికొస్తే వాళ్ళే మా రాష్ట్ర సెనేటరు. ఆ టికెట్టు ఎవరికో చాలావరకు, ఫలానావాళ్ళకి ఓటెయ్యమని మా ఐదుగురం ఇంటింటికీ పంపే చీటీయే తేలుస్తుంది. రెండేళ్ళకొకటి చొప్పున పన్నెండు ఎన్నికలుగా ఆ చీటీ మీద ఒకే పేరు రాస్తున్నాం, ఆల్డెన్ క్వింబీ. సొంత పార్టీలోంచే ఆయన మీద ఇద్దరు పోటీకి రావడం ఇదే మొదలు.

టైము చూసే పని ఎప్పట్లాగే నాది. మా పాత ఆవు మేబెల్ గంట తీసి తోమిపెట్టాను, టైమైతే కొట్టేది దాన్నే.

జూలై 21, శనివారం. రాత్రి 8

సభలో జరిగింది బుర్రలోంచి పోవడం లేదు. రాసేస్తే తగ్గుతుందేమో.

రైతుల సభలు జరిగే గ్రేంజ్ హాలు నిండిపోయింది. కిటికీల బయట కూడా జనం. కాఫీ డబ్బాలోంచి ఒక ప్రశ్న తీస్తారు. ముగ్గురూ దానికే జవాబు చెప్పాలి. మనిషికి రెండు నిమిషాలు. నేను గంట కొడితే నోరు కట్టెయ్యాలి.

చేతికొచ్చిన ప్రశ్న ఏప్రిల్ గురించి. రాకపోతే ఆశ్చర్యపోవాలి, డబ్బాలో సగం చీటీలు అవే. మంచు కరిగి మట్టిరోడ్లు బురదయ్యే రోజుల్లో బరువు బళ్ళని కొండెక్కనివ్వరు. పాల లారీలకి మాత్రం ఎప్పుడూ మినహాయింపు ఉండేది. పోయిన చలికాలం రాజధానిలో కొత్త చట్టం చేసి అది తీసేశారు. కొండ మీద మూడిళ్ళవాళ్ళు రెండ్రోజుల పాలు కాలవలో పోశారు. ఆల్డెన్ ఆ చట్టానికి అడ్డం నిలబడి ఓడిపోయాడనే అందరం అనుకున్నాం. ఆయనా కాదనలేదు.

ముందు లసెల్. బోస్టన్‌లో లాయరుగా చేసి రిటైరై ఇక్కడ చెరువు పక్కన ఇల్లు కట్టుకున్నాడు. బాగా మాట్లాడతాడు. ఎంత బాగా అంటే, ఏం మాట్లాడాడో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు. జోకు మధ్యలో ఉండగా గంట కొట్టాను. జోకు పూర్తిచేసుకునే కూర్చున్నాడు. బూట్లకి ఇంకా షాపు మెరుపు పోలేదు. ఏటా సంతలో పోటీకి తెచ్చే పడ్డల్ని, ఇంకా ఈనని ఆవుల్ని, జడ్జి చేస్తాను కాబట్టి ఎవర్ని చూసినా ముందు కాళ్ళవైపే పోతుంది నా చూపు.

తరవాత జోలీన్ బుషీ. మా పాల లారీ నడిపే పిల్ల. పిల్ల అంటున్నానుగానీ ముప్ఫై నాలుగేళ్ళు. ఏప్రిల్లో లారీ కొండ కింద ఆపి, సొంత పికప్‌లో క్యాన్లు వేసుకుని, ఆ బురదలో ఏడు ట్రిప్పులు కొట్టింది. ఆ సంగతి ఎత్తనేలేదు. చట్టంలోంచి ఏ వాక్యం పోయిందో, దాన్ని ఎక్కడ తిరిగి చేర్చాలో చెప్పింది. కాగితం చూసి చదివింది, రెండుసార్లు తడబడింది. గంట వినబడగానే మాట సగంలో ఆపి కూర్చుంది.

చివర ఆల్డెన్. చక్కగా మొదలుపెట్టాడు. ఈ కొండల కోసం ఇరవై నాలుగేళ్ళు కొట్లాడాను, ఇంకా ఓపికుంది అన్నాడు. సరిగ్గా రెండు నిమిషాలు. చప్పట్లు మొదలయ్యాయి. అక్కడ గంట కొట్టి ఉంటే సరిపోయేది.

నా చెయ్యి లేవలేదు. ఇంకాస్త చెప్పుకోనీ పాపం అనిపించింది, అంతే. చప్పట్లు ఆగాయి. ఆయన నావైపు చూశాడు. గంట నా ఒళ్ళో ఉంది. చాలాసేపు అలాగే చూసి, అప్పుడన్నాడు, ఆ చట్టానికి తను అడ్డం పడలేదని. దానికి సరేనని చెయ్యెత్తాడట. చదవకుండా ఎత్తాడట. ఆ వారం బల్ల మీద నలభై బిల్లులున్నాయట, పక్క సీటాయన మంచిదేలే అంటే సరే అన్నాడట. ఏప్రిల్ నుంచి మీరంతా నా భుజం తడుతుంటే తట్టించుకుని తిరిగాను, చదవకపోవడం కంటే అది పెద్ద తప్పు అన్నాడు.

నాలుగు నిమిషాల పది సెకన్లకి గంట కొట్టాను. జనం లేచి భోజనాల వైపు పోయారు.

భోజనాలయ్యాక అంట్లు అభ్యర్థులే తోమాలి, అది మా ఊరి పద్ధతి. లసెల్ వాచీ తీసి జేబులో పెట్టుకుని రెండు గరిటెలు కడిగాడు. ఆల్డెన్ ఒక్కడే తొట్టి దగ్గర మాడిన బీన్స్ కుండలు తోముతూ నిలబడ్డాడు. పక్కకి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు. జోలీన్ గుడ్డ తీసుకుని వెళ్ళి ఆయన కడిగినవి తుడవడం మొదలుపెట్టింది. పదకొండు కుండలు.

జూలై 22, ఆదివారం

ఆల్డెన్ చర్చికి రాలేదు.

జూలై 23, సోమవారం. ఉదయం 6

పాలు పితుకుతుంటే మళ్ళీ అదే తలపు. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు, ఇక్కడైనా రాస్తాను.

పన్నెండేళ్ళ కిందట జనవరిలో మా కొట్టం కాలిపోయింది. నలభై ఒక్క ఆవుల్లో పంతొమ్మిది మిగిలాయి. మెడలో గంటతో ముందు బయటికొచ్చింది మేబెల్, ఆ చప్పుడు వెంబడే మిగతావి వచ్చాయి. తెల్లారేసరికి ఆల్డెన్ ట్రెయిలరు వేసుకుని వచ్చాడు. ఏం కావాలని అడగలేదు. ఆవుల్ని ఎక్కించుకుని పోయాడు, అంతే. జూన్ దాకా ఆయన కొట్టంలోనే ఉన్నాయి. ఉదయం పాలు ఆయన పితికేవాడు, సాయంత్రం మేము. ఆ సాయం లేకపోతే ఈపాటికి మేము ఎక్కడో ఊళ్ళో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఈ పన్నెండేళ్ళలో తెల్లారి లేచి, ఆయన్ని తలుచుకోకుండా ఈ కొట్టం తలుపు తీసిన రోజు లేదు.

అలాంటి మనిషికి మేలు చెయ్యబోయి గొయ్యి తవ్వాను.

జూలై 25, బుధవారం

కమిటీ కూర్చుంది. ఇద్దరు ఆల్డెన్ అన్నారు. ఇద్దరు జోలీన్ అన్నారు. లసెల్‌కి ఒక్కటీ లేదు. మా ఛైర్మన్ నోరిస్ చెవి మీది పెన్సిలు తీసి, నావైపు తిరిగి, ఇంక నువ్వే ఈడీ, నీది అడగాలా ఏమిటి అన్నాడు. క్వింబీ అని రాసెయ్యడానికి కాగితం దగ్గరికి లాక్కున్నాడు కూడా.

గంట సంగతి చెప్పేశాను. మిగతా ఇద్దరికీ కొట్టినట్టు ఆయనకి కొట్టలేదని, కావాలనే ఊరుకున్నానని.

నోరిస్ గుర్తుపట్టాడట, ఆదివారమంతా దాని గురించే ఆలోచించాడట. సంఘం పాత నోటుపుస్తకం తెచ్చి చదివాడు. గంట మోగాక పలికిన మాట లెక్కలోకి రాదు, అని ఉంది. కాబట్టి ఆల్డెన్ చివరి రెండు నిమిషాలూ కొట్టిపారెయ్యాలి, చదవలేదన్న మాట మనం విననట్టే అన్నాడు. జోలీన్ తరఫు వాళ్ళలో ఒకాయన, విననట్టు ఎలా నోరిస్, నేను ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను అన్నాడు. నోరిస్ ససేమిరా.

అంటే ఆ మాటలు కొట్టేసి నా తప్పు దిద్దితే, నా ఓటుతో ఆల్డెన్ గెలుస్తాడు. బయటికొస్తూ నోరిస్ నా భుజం మీద చెయ్యేసి, ఆయన నీకు చేసింది ఊరంతా ఎరుగుదుం, శనివారం దాకా ఆలోచించుకో, అయినా ఇందులో ఆలోచించేదేముంది అన్నాడు.

వెండెల్‌ని అడిగాను. సంతలో మా తమ్ముడి పడ్డకి మూడో బహుమతి ఇచ్చిన దానివి, నన్నడుగుతావేం అన్నాడు.

జూలై 26, గురువారం

ఆల్డెన్ దగ్గరికి వెళ్ళాను. గడ్డి కట్టలు కట్టే మెషీను కింద పడుకుని ఉన్నాడు, బూట్లు మాత్రం కనబడుతున్నాయి. అరికాలు దగ్గర వైరుతో కుట్టిన పాత బూట్లు. బూట్లతోనే మాట్లాడాను, అదే నయం అనిపించింది. క్షమించు, వేళకి కొట్టలేదు అన్నాను.

జరిగి బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుని, క్షమించడమేంటి, నీకు థాంక్స్ చెబుదామని ఆదివారం నుంచీ చూస్తున్నాను, ముఖం చెల్లక రాలేదు అన్నాడు.

ఇంతకుముందు మూడు ఊళ్ళలో సభలయ్యాయట. మూడుచోట్లా ఆ మాట గొంతు దాకా వచ్చిందట, టైమైపోయింది అనగానే హమ్మయ్య అని మింగేశాడట. ఇక్కడా మింగేద్దామనే గంట కోసం చూశాడట. నువ్వు కొట్టలేదు, కళ్ళార్పకుండా నన్నే చూస్తున్నావు, ఈడీకి తెలిసిపోయింది, చెప్పమంటోంది అనుకున్నాను అన్నాడు.

నాకేం తెలియలేదు, జాలిపడ్డానంతే అని చెప్పబోయాను. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఏప్రిల్ నుంచి నిద్రలేని మనిషి ఇప్పుడు నిద్రపోయి లేచినట్టున్నాడు.

చీటీ సంగతి నేను ఎత్తలేదు, తనే ఎత్తాడు. నోరిస్ ఆ పాత నోటుపుస్తకం తీసే ఉంటాడే అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి అన్నాడు, ఆవుల బాకీ అనుకుని నా పేరు రాశావంటే మాత్రం నీతో మాట్లాడను ఈడీ అని. అది చిన్న బాకీనా ఆల్డెన్ అన్నాను.

అప్పుడు చెప్పాడు. మా కొట్టం కాలడానికి ముందు శరదృతువులో వాళ్ళావిడ కోరిన్ పోయింది. అది నాకూ తెలుసు, శవపేటిక వెంట నడిచాను కూడా. తెలియనిదేంటంటే, ఆ డిసెంబరంతా ఆయన మంచం దిగలేదట. సొంత ఆవుల్ని కూడా జీతగాడికే వదిలేశాడట. మా కొట్టం మంటలు కిటికీలోంచి కనబడ్డ రోజు బూట్లు వేసుకున్నాడట. నీ పంతొమ్మిదీ పొద్దున్నే నాలుగున్నరకి అరిచేవి, లేవక చచ్చేవాణ్ణా, అవి లేకపోతే ఆ చలికాలం దాటేవాణ్ణి కాదు, ఇప్పుడు చెప్పు ఎవరికెవరు బాకీ అన్నాడు.

పన్నెండేళ్ళుగా నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. గడ్డిలో కూర్చుని ఏడ్చాను. ఆయన మళ్ళీ మెషీను కిందికి పోయాడు. నేను లేచేదాకా బయటికి రాలేదు. అందుకు కూడా థాంక్స్.

జూలై 28, శనివారం

జోలీన్ బుషీ అన్నాను.

నోరిస్ పెన్సిలు కిందపడింది. నోటుపుస్తకం మళ్ళీ తెరిచాడు. గంట మోగాక అన్న మాటే కదా లెక్కలోకి రానిది, నాలుగు నిమిషాల పది సెకన్ల దాకా గంట మోగనేలేదు, అందాకా ఆయనన్నది ప్రతి ముక్కా లెక్కే అన్నాను. కొట్టనిది నేను, ఆ తప్పు నా పేరున రాసుకో, వచ్చేసారి టైముకి ఇంకొకర్ని పెట్టుకో అన్నాను. నోరిస్ ఆ వాక్యం మూడుసార్లు చదివి, పుస్తకం మూసి, ఆల్డెన్‌కి నువ్వే చెప్పు, నా వల్ల కాదు అన్నాడు.

చట్టం చదివినామె ఒకరు, చదవనాయన ఒకరు. నేను అంతే చూశాను. ఆ కుండలు తుడవడం కూడా చూశాను, అబద్ధం ఎందుకు.

ఆల్డెన్‌కి ఫోన్ చేశాను. పడ్డల జడ్జివి మరి అన్నాడు. మూడో బహుమతైనా ఇచ్చావా అన్నాడు. రెండోది అన్నాను.

ఆగస్టు 2, గురువారం

మా చీటీలు ఎప్పుడూ పాల లారీలోనే ఇంటింటికీ వెళ్తాయి. ఈసారీ అంతే. జోలీన్ పాలు లారీలోకి ఎక్కించుకుని, తన పేరున్న చీటీని మా పాల ట్యాంకు మీద బోర్లా పెట్టి, సిగ్గుతో ఇటు చూడకుండా లారీ ఎక్కింది. ఆల్డెన్ ట్యాంకు మీద కూడా అలాగే బోర్లా పెట్టిందట. ఆయన దాన్ని తిప్పి కొట్టం తలుపుకి అంటించాడట, రోడ్డు మీదికి కనబడేలా.

ఆగస్టు 14, మంగళవారం

జోలీన్. నూట పన్నెండు ఓట్ల తేడా.

లసెల్‌కి చెరువు చుట్టూ ఉన్న ఇళ్ళ ఓట్లన్నీ పడ్డాయి.

ఆగస్టు 18, శనివారం

గ్రేంజ్ హాల్లో ఆల్డెన్‌కి వీడ్కోలు భోజనం. రెండే రెండు నిమిషాలు మాట్లాడతాను, టైము ఈడీయే చూడాలి, వేళకి కొట్టాలి అన్నాడు. మేబెల్ గంట తీసుకెళ్ళాను. జోలీన్‌కి రాజధానిలో ఏ కుర్చీ విరిగిందో చెప్పాడు. అందరికీ థాంక్స్ చెప్పాడు. తరవాత నావైపు తిరిగి, ఆ చలికాలం మా కొట్టంలో ఒకరోజు ఈడీ నాతో ఏమందంటే, అన్నాడు.

రెండు నిమిషాలు. కొట్టాను. ఆగి, నవ్వి, కూర్చున్నాడు.

నేనేమన్నానో నాకు గుర్తులేదు. అడగలేదు.