అడగడానికి చోటు

చిట్టితల్లికి,

అమ్మ ముద్దులు. అందరం కులాసా అని రాసే అలవాటును ఈసారికి పక్కన పెడుతున్నాను. నేను తిరుగుతున్నాను, తింటున్నాను. మీ నాన్నకు మాట ఇంకా రాలేదు. కుడిచెయ్యి కదలడం లేదు. మెడలో పూడుకుపోయిన రక్తనాళాన్ని ఈ వారంలోనే శుభ్రం చేయాలనీ, ఆలస్యమైతే పక్షవాతం మళ్లీ కొట్టొచ్చనీ డాక్టరమ్మ అంటోంది. మీ పెదనాన్న ఒప్పుకోవడం లేదు.

వకీలు నోట విన్నానని నేను రాసిన ఆ 'లోకస్' ఏమిటని అడిగావు. లాటిన్ మాట. చోటు అని అర్థం. బహువచనం కూడా అడిగి నా కూతురివనిపించుకున్నావు. లోకస్‌లు కాదు, 'లోసై'. లెక్కల్లో, జీవశాస్త్రంలో ఆ బహువచనం బాగానే తిరుగుతుంది. కోర్టులో మాత్రం ఏకవచనమే. అక్కడ దానర్థం, అడగడానికి నీకున్న చోటు.

"మీ వాదన బాగుందమ్మా. వాదించడానికే మీకు చోటు లేదు" అన్నాడు వకీలు, ఆపరేషనుకు కోర్టు అనుమతి అడుగుదామంటే.

ఒళ్లు మండింది. మీ నాన్నకు జ్వరమొస్తే నుదుట తడిగుడ్డ వేసినదాన్ని, ఆయన రాతలు తిట్టి తిరగరాయించినదాన్ని. నా చోట్లు ఎన్నని చెప్పను? చట్టం కంటికి వాటిలో ఒక్కటీ ఆనదు. ఏనాడూ మన గుమ్మం తొక్కని అన్నకు మాత్రం రక్తం పేరుతో పెద్దపీట.

మేం పెళ్లి తంతూ జరిపించుకోలేదు, రిజిస్టరూ చేయించుకోలేదు కదా. మా ప్రేమకు సర్కారు ముద్ర ఎందుకని కరపత్రం అచ్చేసి మరీ పంచాం. ఇప్పటికీ అందులో ఒక్క వాక్యం కొట్టెయ్యను. తప్పు చట్టానిది. కానీ మంచంలో పడి ఉన్నది చట్టం కాదు, మీ నాన్న.

వార్డులోనే మీ పెదనాన్నను బతిమాలాను. "బావగారూ, మీకూ భయమే, నాకూ భయమే. డాక్టరమ్మ మాట విందాం."

"వాడి మెడ మీద కత్తి పెట్టనివ్వను. ఇంటికి తీసుకుపోతా. వద్దనడానికి నువ్వెవరమ్మా అసలు?"

ఆ అరుపులకు నర్సు వచ్చింది. "ఈయనకు మీరేమవుతారండీ?"

"సహచరిని."

"అంటే ఒకే ఆఫీసా?"

ఇంకోరోజైతే ఆమెకు గంటసేపు పాఠం చెప్పేదాన్ని. నీ దగ్గర దాచి లాభం లేదు. "భార్యను" అనేశాను. రిజిస్ట్రారు దగ్గర పెళ్లి చేసుకుంటానన్నందుకు నీతో నెల్లాళ్లు మాట మానేసిన అమ్మ నోటి నుంచే వచ్చిందా మాట. మీ పెదనాన్న అక్కడికక్కడే కాగితం చూపించమన్నాడు. ఎక్కణ్ణుంచి తెస్తాను?

నీకు చోటుంది. నీ పుట్టిన సర్టిఫికెట్ మీద ఆయన పేరుంది. కూతురు సంతకం పెడితే చాలంది డాక్టరమ్మ. ఈ ఉత్తరం మన ప్రెస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అదే బండిలో వచ్చెయ్. నీకు భయమేస్తే వెయ్యనీ.

ఇంకొక్కటి. నేను భార్యనన్నప్పుడు మీ నాన్న నావైపు చూశాడు. పనిచేసే వైపు పెదవి కాస్త పైకి లేచింది. నన్ను ఎగతాళి చేసేటప్పుడు మొహం అలాగే పెడతాడు. నవ్వేననుకుంటున్నాను. అది నవ్వు కాదు, జబ్బు లక్షణమంటోంది నర్సు.

నువ్వొచ్చి చూసి చెప్పు.

ఇట్లు,
మీ నాన్న మంచం పక్క నుంచి కదలని
అమ్మ