అల ఎంత వేగంగా పోయింది?

వికారాబాద్,
బుధవారం

పెద్దలు వెంకటేశ్వర్ గారికి,
వాసవి నమస్కారాలు.

మీ కొట్టు చిరునామాకు నా ఉత్తరం రావడం వింతగానే ఉంటుంది. మీ ఫోన్ ఎప్పుడూ మీ అబ్బాయి హర్షవర్ధన్ గారి చేతిలోనే ఉంటుందని ఆ రోజు మా ఇంట్లో మీరే అన్నారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మా స్కానింగ్ సెంటర్లో కాలేయ పరీక్షల క్యాంపు పెట్టిన రోజు మీరు అందరితో పాటు వరుసలో వచ్చారు. అప్పటికి మీరెవరో నాకు తెలియదు. కుడి డొక్క మీద జెల్ రాస్తుంటే, "గిది కడుపుల పిల్లను చూసే మిషన్ కాదా బిడ్డా?" అన్నారు. నవ్వొచ్చింది. అలాంటిదే గానీ, ఇది బొమ్మ చూపించడంతో ఆగదు, లోపల ఎంత మెత్తగా ఉందో, ఎంత గట్టిగా ఉందో కొలుస్తుందని చెప్పాను.

"చెయ్యి పెట్టి ఒత్తకుండ గట్టిదనం ఎట్ల తెలుస్తది?" అని అడిగారు. శబ్దంతోనే లోపల ఒకచోట చిన్నగా నెడుతుందనీ, అక్కడ పుట్టిన అల పక్కలకు పాకుతుందనీ, మెత్తని చోట నెమ్మదిగా, గట్టి చోట వేగంగా పోతుందనీ చెప్పాను. "మరి గంత చిన్న అలను ఎట్ల పడ్తది?" అన్నారు. సెకనుకు కొన్ని వేల బొమ్మలు తీస్తుంది కాబట్టి పట్టుకుంటుంది. అల ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూసి వేగం, ఆ వేగాన్ని బట్టి గట్టిదనం లెక్కగడుతుంది. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టారు, వదలగానే మళ్లీ ఇంకో ప్రశ్న. నేను ఈ ఉద్యోగంలో చేరాక అందరూ "నాకేమైంది?" అని అడిగినవాళ్లే. ఆ అల గురించి అడిగింది మీరొక్కరే.

మీ అల వేగంగా పోయింది. నమ్మలేక మళ్లీ మళ్లీ కొలిచాను. తిని వస్తే అంకె పెరుగుతుంది కదా అని అడిగితే, పొద్దటి నుంచి టీ కూడా తాగలేదన్నారు. డాక్టర్ గారు రక్తపరీక్ష రాసిస్తూ "తాగే అలవాటుందా?" అనగానే మీ ముఖం మారిపోయింది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయారు.

ఆ ఆదివారం నన్ను చూడటానికి మా ఇంటికి వచ్చినవాళ్లలో మీరున్నారు! టీ కప్పు అందిస్తుంటే నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. నేనేమీ అనలేదు. ఇక ముందు కూడా అనను. పరీక్షకు వచ్చినవాళ్ల సంగతి బయటపెట్టే హక్కు నాకు లేదు.

కానీ నా కష్టం కూడా వినండి. హర్షవర్ధన్ గారు నాకు నచ్చారు. "వాళ్లకు ఏం చెప్పమంటవే?" అని అమ్మ రోజూ అడుగుతోంది. ఔనంటే, వాళ్ల నాన్నగారి గురించి ఆయనకు తెలియనిది మనసులో పెట్టుకుని ఆయన పక్కన బతకాలి. అది నావల్ల కాదు. దయచేసి ఇంట్లో మీరే చెప్పండి. చెప్పలేనంటే ఈ సంబంధం నాకు ఇష్టం లేదనేస్తాను. ఎవరు ఎన్ని అడిగినా మీ పేరు రానివ్వను.

మీ ప్రశ్నలు మరిచిపోని
వాసవి

*

తాండూరు,
శనివారం

చిరంజీవి వాసవికి,

నీ ఉత్తరం కొట్లోనే చదివాను. కందుల బస్తాలు దించే హమాలీలు పిలుస్తున్నా వినిపించలేదు.

ముందు ఒక నిజం. నేను ఆ రోజు జబ్బు ఉందని రాలేదమ్మా. ఇంటికి కోడలిగా రాబోయే పిల్ల, కొత్తవాళ్లతో ఎలా మాట్లాడుతుందో చూద్దామని వచ్చాను. నిన్ను పరీక్షిద్దామని వచ్చి నేనే పరీక్ష బల్ల ఎక్కాను.

డాక్టర్ అడిగిన మాటకు నేనెందుకు లేచి వెళ్లిపోయానో చెబుతాను. మా నాన్న కిష్టప్ప నేను పదో తరగతిలో ఉండగా పోయారు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. "కిష్టప్ప సేటు చాటుగ తాగిండు" అని బజారంతా అన్నది. మా అమ్మ సత్యమ్మ కూడా అదే నమ్మింది. "యాడ తాగుతున్నవో జర నిజం చెప్పు" అని ఆమె నిలదీయడం, "నేను ముట్టలేదు సత్యమ్మా" అని ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం పక్క గదిలో నుంచి విన్నాను. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో నాకు ఈ రోజుకీ తెలియదు. అందుకే పెళ్లిళ్లలో కూడా నేను గ్లాసు పట్టుకోను. ఇప్పుడు నా కాలేయం సంగతి తెలిస్తే "తండ్రి లెక్కనే కొడుకు" అంటారు. నా భార్య గౌరమ్మకు, హర్షకు చెప్పడానికి నోరు రాలేదు.

సంబంధం వద్దంటావేమోనని భయంగానే ఉంది. అయినా ఒక ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు. నేను చుక్క ముట్టలేదు. మరి నా అల ఎందుకంత వేగంగా పోయింది? గట్టిదనం ఎంతో చెప్పే మిషన్, ఎందుకు గట్టిపడ్డదో చెప్పదా?

వెంకటేశ్వర్

*

వికారాబాద్,
మంగళవారం

పెద్దలు వెంకటేశ్వర్ గారికి,

చెప్పదండి. ఎంత గట్టిగా ఉందన్నంత వరకే దాని పని. తాగినా గట్టిపడుతుంది, కొవ్వు చేరినా గట్టిపడుతుంది, ఏళ్ల తరబడి వైరస్ దాగి ఉన్నా గట్టిపడుతుంది. అల అన్నింటిలోనూ వేగంగానే పోతుంది. ఎందుకన్నది రక్తం చెప్పాలి. మీరు జేబులో పెట్టుకున్న రక్తపరీక్ష చీటీ మీ ప్రశ్నకు జవాబు కోసమే. ఆ జవాబు నాకూ తెలుసుకోవాలని ఉంది.

వాసవి

*

తాండూరు,
సోమవారం

బిడ్డా వాసవీ,

రక్తపరీక్ష చేయించుకున్నాను. హెపటైటిస్ బి అనే వైరస్. చిన్న వయసులోనే వచ్చి ఉంటుందన్నారు డాక్టర్. "ఒకే ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కు వస్తదా సార్?" అని అడిగాను. ఒకే బ్లేడు వాడినా రావచ్చన్నారు. నాకు మీసాలు మొలిచిన కొత్తలో నాన్న రేజరే వాడేవాణ్ని. నాన్న సంగతి ఇప్పుడు రుజువు చేయలేం గానీ, ఆయనదీ ఇదే జబ్బు అయ్యే అవకాశం చాలా ఉందన్నారు. నాకు మందు బిళ్లలు రాశారు. మానకుండా వేసుకుంటే కాలేయం కొంత మెత్తబడవచ్చట.

ఇంటికొచ్చి గౌరమ్మకు, హర్షకు చెప్పేశాను. గౌరమ్మ ఏడ్చింది, తర్వాత తిట్టింది. హర్ష మాత్రం "ఇన్ని రోజులు ఒక్కడివే పరేషాన్ అయినవా నాన్నా?" అన్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఇంట్లో అందరికీ పరీక్షలయ్యాయి, ఎవరికీ లేదు. టీకాలు మొదలుపెట్టారు. నువ్వు మొదటి నుంచీ తెలిసీ నోరు విప్పలేదని కూడా హర్షకు చెప్పాను. వాడు నీతో మాట్లాడాలంటున్నాడు. నీ జవాబు ఏదైనా నాకు నీ మీద గౌరవం తగ్గదు.

అమ్మకు చెప్పడమే కష్టమైంది. వరండాలో ఎండకు కూర్చుని ఉంది. "నాయన తాగకున్నా గా జబ్బు వచ్చుంటదమ్మా. నాకు వచ్చింది చూడు, నేనేమన్న తాగిన్నా?" అన్నాను.

"ముట్టలేదని ఎన్నిసార్లు చెప్పిండురా మనిషి" అంది. "ఒక్కసారన్న నేను ఔననలే."

తర్వాత తనే అడిగింది. "ఆయన ఫోటో యాడున్నది?"

మా ఇంట్లో నాన్న ఫోటో గోడ మీద ఉండదు. ఆయన పోయిన ఏడాదే అమ్మ తీయించేసింది. అటక మీది పెట్టెలోంచి తీసి ఇస్తే, కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని, "అద్దం పగిలింది. కొత్తది ఏయించుకరా" అంది.

బస్టాండు దగ్గర ఫోటోలకు అద్దాలు వేసే దుకాణానికి తీసుకెళ్లాను. ఫోటోలో ఎవరని అడిగాడు దుకాణదారు. మా నాన్న అన్నాను. ఏం జబ్బుతో పోయారో కూడా, బజారుకు వినపడేలా చెప్పాను. అద్దం బిగించేదాకా అక్కడే బల్ల మీద కూర్చుని నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
కిష్టప్ప కొడుకు
వెంకటేశ్వర్