గోర్డన్ వదిలేసిన సొర

ఐరిస్ అక్కా, ఇద్దరం బాగానే ఉన్నాం, కంగారుపడకు.

నిన్న యెప్పూన్ తీరంలో మీ మరిది గోర్డన్ గాలానికి పెద్ద సొర పడింది. రూలు ప్రకారం అంత పొడుగుది ఉంచుకోకూడదు కదా! గాలం వైరు కత్తిరించి వదిలేయడానికి నడుంలోతు నీళ్లలోకి దిగాడు.

"ఒడ్డుకి లాగవయ్యా!" అని అరిచాను.

"ఇసుక మీదికి లాగితే దాని బరువుకి అదే చస్తుందే, పాపం."

"నువ్వు చస్తేనో?"

నేనూ నీళ్లలోకి దిగి వెనకనుంచి అతని చొక్కా పట్టుకున్నాను. వైరు తెగగానే అది గిర్రున తిరిగింది. తోక దెబ్బకి ఇద్దరం నీళ్లలో పడ్డాం. అది ఎటు పోయిందో కనబడలేదు.

పొడుగు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్ ఒకటి పంపు. నీలం గుండీలు కూడా పంపు, చొక్కావన్నీ సముద్రంలో పోయాయి. అమ్మ మోకాలెలా ఉంది?

పిల్లలకి ముద్దులు. రేపు మళ్లీ వెళతాడట. ఈసారి బెల్టు పట్టుకుంటాను.

డెల్మా